అంగుళానికి నాలుగు రోజులు

కడుపు కొయ్యకుండా కడుపులో రాళ్లు తీసే యంత్రం మా జిల్లా పెద్దాసుపత్రికి వచ్చింది. కోసినట్టు పై అధికారిని నమ్మించే యంత్రం మాత్రం ఇంకా రాలేదు. వచ్చిన యంత్రానికీ రాని యంత్రానికీ మధ్య మా అప్ప దాలమ్మ పదిహేను రోజులు ఇరుక్కుపోయింది.

మా అప్ప, అంటే మా అక్క, ఆడపిల్లల హాస్టల్లో వంటమనిషి. బడీ హాస్టలూ ఒకే ఆవరణ, నూట ఎనభైమంది పిల్లలు, రెండు పూటలా అన్నం. అన్నం వండే గుండిగ ఎంతదంటే, తోమేటప్పుడు మా అప్ప అందులోకి దిగి తోముతుంది. ఉడికిన గుండిగని దించడానికి ఇద్దరు మనుషులు కావాలని ప్రభుత్వం కూడా ఒప్పుకుని, సహాయకురాలి పోస్టు ఒకటి ఇచ్చింది. ఆ పోస్టు ఆరేళ్లుగా ఖాళీ. అంచేత గుండిగకి ఒక చెవి మా అప్ప పట్టుకుంటే, రెండో చెవి ఖాళీ పోస్టు పట్టుకుంటుంది. ఇద్దరూ కలిసి దించుతారు.

అలా దించుతూ దించుతూ ఒకరోజు కుడి డొక్క పట్టుకుని కూలబడింది. నేను జీడితోటలో పని ఆపి, మోటారుసైకిలు మీద కూర్చోబెట్టుకుని పెద్దాసుపత్రికి తీసుకుపోయాను. పిత్తాశయంలో రాళ్లున్నాయన్నారు. తియ్యాలన్నారు.

ఆ ఆసుపత్రిలో రోబో దిగి నాలుగు నెలలైంది. నాలుగు ఇనపచేతులు, వాటి మీద పాలిథీన్ తొడుగులు. ఆపరేషన్ థియేటర్ ఆయా ప్రతి చెయ్యికీ రోజూ పొద్దున్న బొట్టు పెట్టేది. దాన్ని యంత్రం అనడానికి ఆవిడకి నోరు రాలేదు. “నాలుగు చేతుల సారు ఇంకా లేవనేదు, కూకోండి,” అని మమ్మల్ని బెంచీ మీద కూర్చోబెట్టింది.

సూపరింటెండెంట్ డాక్టర్ సదాశివ పట్నాయక్ గారు మమ్మల్ని స్వయంగా పిలిపించుకున్నారు. ఆయన గదిలో గోడ మీద నల్లబల్ల ఉంది. దాని మీద ‘ఈ మాసపు సగటు కోత: 0.3 అంగుళం’ అని సుద్దముక్కతో రాసి ఉంది.

“అమ్మా, ఈ సంస్థ దార్శనికత ఏమిటంటే, రోగి దేహంలో వైద్యుని జోక్యం కనిష్ఠ స్థాయిలో ఉండవలెను,” అన్నారు పట్నాయక్ గారు. “మీకు నాలుగు రంధ్రములు పెట్టబడును. ఒక్కొక్కటి బఠాణీ గింజ ప్రమాణము.”

“పెట్టబడనీండి బాబూ,” అంది మా అప్ప. “రాళ్లు రావాలి గాని.”

వచ్చాయి. సోమవారం పొద్దున్న లేడీ డాక్టరు గారొకరు గది మూల కూర్చుని, పెట్టెలోకి తొంగిచూస్తూ చేతులు తిప్పారట. ఇవతల నాలుగు చేతుల సారు పని కానిచ్చేశాడట. మొత్తం పదకొండు రాళ్లు. వాటిని చిన్న సీసాలో పోసి నా చేతికిచ్చారు. మా అప్ప మర్నాటికి లేచి నడిచింది, మూడో రోజుకి ఇంటికి పంపేశారు. నేను మాట వరసకి అనడం లేదు, పనితనమంటే అది. పంపేటప్పుడు లేడీ డాక్టరు గారు కాగితం మీద రాసి, నోటితో కూడా చెప్పారు.

“నడవండి, తినండి, తిరగండి. ఆరు వారాల దాకా బరువు మాత్రం ఎత్తకూడదు. పైన చిన్న కన్నాలే గాని లోపల కోత లోపల కోతే. ఎత్తారంటే లోపల చిరిగి మళ్లీ నా దగ్గరకే వస్తారు.”

మా వైపు ఆపరేషనైన మనిషిని చూడ్డానికి వచ్చినవాళ్లు ముందు అడిగేది ఎలా ఉన్నావని కాదు, ఎన్ని కుట్లని. కుట్లని బట్టి పరామర్శ. అయిదు కుట్లకి బ్రెడ్డు, పది దాటితే కొబ్బరిబొండాలు, పదిహేను దాటితే పక్క ఊరి వాళ్లు కూడా వస్తారు. మా వీధి కన్నమ్మ అందరికన్నా ముందు రెండు బొండాలు పట్టుకుని వచ్చింది.

“ఏదీ, సూపించే దాలీ.”

మా అప్ప తలుపు దగ్గరగా వేయించి చూపించింది.

“ఇదేనేటి?” అంది కన్నమ్మ. “దోమలు కుట్టినట్టున్నాది. మా ఆడబడుసుకి ఇక్కడ నుంచి ఇక్కడికి కోసినారు. మూడు నెల్లు మంచం దిగనేదు, నీళ్ల బిందె ముట్టుకోనేదు. నీకు నిజంగా సేసినారా, సెయ్యకుండా పంపించీసినారా?”

“రాళ్లు సూడవే మరి.”

“రాళ్లెక్కడైనా దొరుకుతాయి,” అంది కన్నమ్మ. పోతూ పోతూ ఒక బొండాం వెనక్కి తీసుకుపోయింది.

వీధి నమ్మకపోతే పోయింది, బొండాం ఒకటే కదా నష్టం అనుకున్నాను. మా అప్పకి ఆ ఏడాది మిగిలిన క్యాజువల్ లీవులు పన్నెండు. అవి అయిపోయేలోపు వైద్య సెలవు తెచ్చుకోవాలి. లేకపోతే, బదులు వండుతున్న పక్క హాస్టలు మనిషి వెళ్లిపోతుంది, మూడో సోమవారానికి మా అప్ప గుండిగ దగ్గర ఉండాలి. నేను గురువారం పొద్దున్నే ఆసుపత్రి కాగితం పట్టుకుని సంక్షేమ కార్యాలయానికి వెళ్లాను.

అక్కడ సెలవులు చూసేది మేనేజరు పాత్రుడు గారు. పొట్టి మనిషి, పొడుగు చేతుల చొక్కా. కాగితం మొత్తం చదివారు. సొరుగులోంచి ఒక ముతక పుస్తకం తీసి, దుమ్ము దులిపి, అది కూడా చదివారు.

“నియమం పధ్నాలుగు,” అన్నారు. “శస్త్రచికిత్స జరిగిన ఉద్యోగికి కోత పొడవును బట్టి అంగుళానికి నాలుగు రోజుల చొప్పున విశ్రాంతి సెలవు. మీ అప్పగారి కోత ఎంత?”

“ఒక్కో కన్నం అంగుళంలో మూడోవంతు లేదండి. నాలుగు కన్నాలు.”

“నాలుగూ కలపకూడదు. ఉపనియమం రెండు: ఏ కోతకు ఆ కోతయే. ఉపనియమం మూడు: అంగుళములో భాగమును లెక్కలోనికి తీసుకొనరాదు.” ఆయన కలం మూత పెట్టేశారు. “అంటే సున్నా, సున్నా, సున్నా, సున్నా. నియమం ప్రకారం మీ అప్పగారికి ఆపరేషన్ జరగలేదండి.”

నేను రాళ్ల సీసా బల్ల మీద పెట్టాను. ఆయన దాన్ని వెలుతురుకి ఎత్తి, మెచ్చుకోలుగా చూసి, వెనక్కి ఇచ్చేశారు.

“చక్కని రాళ్లు. కాని రాళ్లకి నియమం లేదు.”

“ఆరు వారాలు బరువెత్తకూడదని డాక్టరు గారు రాశారండి.”

“అది సలహా. ఇది నియమం. సలహా మారుతూ ఉంటుంది. నియమం చూడండి, మా తాతగారి కాలం నుంచి ఇలాగే ఉంది.” ఆయన గొంతు తగ్గించారు. “నాకు మాత్రం జాలి లేదనుకోకండి. నాకు అపెండిసైటిస్ అయినప్పుడు నాలుగున్నర కోశారు. అర అంగుళం నష్టపోయాను. నోరెత్తానా?”

పక్క బల్ల దగ్గర గుమాస్తా తలెత్తి, “నాది ఏడు, హెర్నియా,” అన్నాడు. అటెండరు గుమ్మం దగ్గర్నించి “నాకు తొమ్మిది,” అన్నాడు. ఆఫీసు ఆఫీసంతా అటెండరు వైపు గౌరవంగా చూసింది.

మర్నాడు పెద్దాసుపత్రికి వెళితే, పట్నాయక్ గారి గది ముందు నాలాంటివాళ్లు పదిహేనుమంది ఉన్నారు. ఈ నాలుగు నెలల్లో నాలుగు చేతుల సారు ముట్టుకున్నవాళ్లందరికీ ఇదే గతి, ఏ ఆఫీసుకి వెళ్లినా అదే నియమం పధ్నాలుగు. బస్సు కండక్టరొకాయన హెర్నియా చేయించుకుని నాలుగో రోజున డ్యూటీ ఎక్కానని చెప్పాడు. బడి బంట్రోతు ఒకడు ఇంకా ఆపరేషన్ కాకుండానే వచ్చి, పట్నాయక్ గారిని బతిమాలుతున్నాడు.

“ఎలాగూ చాకు లోపలికి దిగుతాది కదా బాబూ. ఇంకో అయిదంగుళాలు లాగేయించండి. తమ సొమ్మేం పోద్ది?”

పట్నాయక్ గారు గది తలుపు బార్లా తెరిచి గోడ కేసి వేలు చూపించారు. “ఈ నల్లబల్ల చూశావా?” అన్నారు. “సున్నా పాయింట్ మూడు. రాష్ట్రంలో ఇంతటి స్వల్పత్వము ఏ ఆసుపత్రికీ లేదు. నీ ఒక్క కడుపు కోసం సంస్థ సగటు పెంచమంటావా?”

“అయితే మేం సందు చివర నర్సింగ్‌హోముకి పోతాం. అక్కడ అడిగినంత కోస్తారట,” అన్నాడు బంట్రోతు. ఆపరేషన్‌కి చీటీ రాయించుకుని నా వెనక కూర్చున్న ముగ్గురు అప్పటికప్పుడే లేచిపోయారు.

ఆ రోజు నుంచి నాలుగు చేతుల సారుకి పని లేదు. బొట్లు ఎండిపోతున్నాయని ఆయా బాధపడింది. అంతటి యంత్రం కూర్చుని ఉంటే పైవాళ్లు ఊరుకోరని పట్నాయక్ గారు సోమవారానికి పాత్రుడు గారిని పిలిచి ఉమ్మడి సమావేశం పెట్టారు. బాధితుల తరఫున నన్ను కూడా ఒక మూల కూర్చోమన్నారు. జీడిపప్పు పెట్టారు. మా తోటదే.

“నియమమును మార్చుడు,” అన్నారు పట్నాయక్ గారు.

“నియమం మార్చే అధికారం నాకు లేదు. కోత మార్చండి,” అన్నారు పాత్రుడు గారు.

“కోత పెంచుట మా దార్శనికతకు విరుద్ధము.”

రెండు గంటలు ఇలా జరిగాక, మూడో పళ్లెం జీడిపప్పు దగ్గర ఇద్దరికీ ఒకేసారి తట్టింది. కోత పెంచనక్కర్లేదు, నియమం మార్చనక్కర్లేదు. కోసినట్టు భావిస్తే చాలు. తీర్మానం నా ఎదురుగానే రాశారు: ‘యంత్రము లేనిచో మానవ హస్తముచే ఎంత కోత జరిగి ఉండెడిదో, అంత కోత జరిగినట్లుగానే భావించవలెను. దీనిని భావిత కోత అందురు. సదరు భావిత కోతను రోగి దేహముపై కంటికి కనిపించునట్లు గుర్తించవలెను.’

“చేతితో ఎంత కోసేవారో ఎవరు చెప్పాలండి?” అని అడిగాను.

అప్పుడు అందరికీ డాక్టర్ బెహరా గారు జ్ఞాపకం వచ్చారు.

బెహరా గారు ముప్పై ఏళ్లు ఆ ఆసుపత్రిలో కడుపులు కోసిన మనిషి. రోబో వచ్చాక ఆయన్ని దుప్పట్ల స్టోరు పక్క గదిలో కూర్చోబెట్టి, ఉతికొచ్చిన దుప్పట్లకి సంతకాలు చేయిస్తున్నారు. మంగళవారం మా అప్పని తీసుకుపోయేసరికి, ఆయన తెల్లకోటు వేసుకుని, చేతులు మోచేతుల దాకా మూడుసార్లు కడుక్కుని, నర్సు కేసి అరచెయ్యి చాపి నిలబడి ఉన్నారు.

“స్కెచ్ పెన్,” అన్నారు.

నర్సు ఎర్ర స్కెచ్ పెన్ను అరచేతిలో పెట్టింది. తెర వేశారు. నేను తెర ఇవతల ఉన్నాను.

“పక్కటెముకల కింద నుంచి మొదలు,” అంటున్నారు బెహరా గారు. “ఇలా వాలుగా. చూడమ్మా, ఇదీ కోత అంటే. కుర్రవాళ్లకి ఈ వంపు రాదు. ఆరంగుళాలు. కుట్లు పన్నెండు వేస్తున్నాను.”

“సక్కిలిగిలిగా ఉన్నాది బాబూ.”

“మత్తు ఇవ్వమంటారా?” అని నర్సు అడిగింది. బెహరా గారు ఒక్క క్షణం ఆలోచించి, వద్దన్నారు.

ఆరు నాలుగులు ఇరవై నాలుగు రోజులు. మా అప్పా నేనూ వచ్చేదారిలో జిలేబీ కొనుక్కున్నాం. అసలు కావలసింది ఆరు వారాలు. అయినా సగానికి పైగా దొరికినట్టే కదా అనుకున్నాం.

బుధవారం మధ్యాహ్నం, భౌతిక తనిఖీ కోసం సంక్షేమ కార్యాలయం నుంచి టేపు పట్టుకుని ఒక లేడీ గుమాస్తా ఇంటికి వచ్చింది. ఆవిడ వచ్చేసరికి మా అప్ప తల తుడుచుకుంటోంది. ఆసుపత్రి వాసన పోలేదని, పొద్దున్నే పసుపు, సున్నిపిండి పెట్టి, సబ్బుతో రెండుసార్లు స్నానం చేసింది. కడుపు మీద నాలుగు బఠాణీలు తప్ప ఏమీ లేవు.

గురువారానికి మెమో వచ్చింది. ‘ప్రభుత్వ గుర్తింపు పొందిన ఆరంగుళముల కోతను తమరు సున్నిపిండి, సబ్బు మొదలగు వాటి సహాయముతో ధ్వంసము చేసినట్లు తనిఖీలో వెల్లడైనది. సంజాయిషీ ఇవ్వవలెను.’

“ఏటి రాద్దాం రా?” అంది మా అప్ప.

“‘స్నానం చేసినందుకు చింతిస్తున్నాను, ఇకపై చేయను’ అని రాస్తాను.”

“రాసీ. ముద్దర ఏసిస్తాను.”

మా అప్ప ఒక్కతే అయితే ఆ సంజాయిషీతో పోయేది. కానీ మా అప్పతో పాటే గీయించుకున్న కండక్టరు కోత చెమటకి ట్రిప్పుకో అంగుళం చొప్పున కరిగిపోయింది. ఒక కానిస్టేబుల్ గారి కోత పూటపూటకీ పెరిగి, బొడ్డు దాటి, నడుం చుట్టి వీపు మీద తేలింది. ఆయన దగ్గర సొంత స్కెచ్ పెన్ను దొరికింది. చెరగనిదీ పెరగనిదీ అయిన కోత ఒకటి కావాలని ఇద్దరు అధికారులూ ఫోన్లో అనుకున్నారు. ఓట్లప్పుడు వేలికి రాసే సిరా ఇమ్మని రాశారు. ఎన్నికలు లేని కాలంలో సిరా ఇవ్వడం కుదరదనీ, ఎన్నికలు వచ్చేదాకా ఆపరేషన్లు వాయిదా వేసుకొమ్మనీ ఆ సాయంత్రానికే జవాబు వచ్చింది.

అలాగ చివరికి రవణమ్మని పట్టుకొచ్చారు. శుక్రవారం సంతలో చెట్టు కింద కూర్చుని పచ్చబొట్లు పొడుస్తుంది. తేలూ, తులసికోటా, మొగుడి పేరూ ఏదైనా పొడుస్తుంది. నొప్పి తెలియకుండా పాట కూడా పాడుతుంది. ఆవిడకి ఔట్‌సోర్సింగ్ మీద ‘కోత లేఖకురాలు’ అని ఉద్యోగమిచ్చి, మెళ్లో కార్డు వేశారు.

ఆరంగుళాల గీతకీ పన్నెండు కుట్లకీ ఎన్ని సూదిపోట్లు పడతాయని పట్నాయక్ గారు అడిగారు. ఓ మూడొందలు పడతాయంది రవణమ్మ. ఆయన నల్లబల్ల కేసి చూసి కుర్చీలో కూలబడ్డారు. నాలుగు రంధ్రాల ఆసుపత్రిలో మూడొందల రంధ్రాలు, అదీ మానవ హస్తంతో. సంస్థ పేరు ఏం కాను? అరగంట మథనపడ్డాక ఆయనే లేచి, “పచ్చబొట్టు కూడా యంత్రసహాయముననే పొడవబడును,” అన్నారు.

శనివారం ప్రారంభోత్సవం. గుమ్మానికి మామిడాకులు కట్టారు. పాత్రుడు గారు రిబ్బను కత్తిరించారు. తొలి లబ్ధిదారు మా అప్ప. తీసుకెళ్లేముందు నేను, “అప్పా, వొద్దు, ఇంటికి పోదాం రా,” అన్నాను.

“ఎల్లి? సోమారం గుండిగ ఎవులెత్తుతారు, నువ్వా?” అంది. “ఆ డాట్రమ్మ లోపల సిరిగిపోద్దని సెప్పినాది. పై తోలు మీద గీత పడితే పడనీ. లోపలిది బాగుంటే సాలు.”

రవణమ్మకి గంటసేపు నేర్పి పెట్టె ముందు కూర్చోబెట్టారు. నోట్లో తాంబూలం తీయనంది. తీస్తే పాట రాదంది. తెర ఇవతల నుంచి నాకు ఆవిడ పాటా, ఇనపచేతుల చిన్న చప్పుడూ, మా అప్ప మూలుగూ మూడూ వినిపించాయి. మధ్యలో ఒకసారి పాట ఆగి, “నీ పెనిమిటి పేరేటమ్మా?” అని వినిపించింది.

“పేరొద్దు, పేరొద్దు. తీర్మానంలో పేరు లేదు,” అని పట్నాయక్ గారు కంగారుపడ్డారు.

“అలవాటు బాబూ,” అంది రవణమ్మ.

ఇంటికి వచ్చాక మా అప్ప కడుపు పూరీలా పొంగింది. రాళ్లు తీసినప్పుడు ఇంత నొప్పి లేదని చెప్పింది. కన్నమ్మ వచ్చి, చూసి, బుగ్గలు నొక్కుకుంది.

“ఓలమ్మ, ఇదీ ఆపరేసనంటే,” అని, పట్టుకుపోయిన బొండాం తెచ్చి ఇచ్చేసింది. దానికి తోడు ఇంకోటి తెచ్చింది.

ఆదివారం సెలవు ఉత్తర్వు మనిషి చేత ఇంటికి పంపారు. అంత మర్యాద ఎందుకో చదివాక తెలిసింది. ‘శ్రీమతి దాలమ్మకు భావిత కోత ఆరంగుళములకు గాను ఇరవై నాలుగు రోజుల భావిత సెలవు మంజూరు చేయడమైనది. సదరు భావిత సెలవు కాలమందు ఉద్యోగిని సోమవారం నుండి యథావిధిగా విధులకు హాజరు కావలెను.’

నేను పాత్రుడు గారికి ఫోన్ చేశాను.

“సెలవిచ్చి మళ్లీ రమ్మంటారేమిటండి?”

“కోత నిజమైతే సెలవు నిజం. కోత భావితమైతే సెలవూ భావితం,” అన్నారాయన, చంటిపిల్లాడికి చెప్పినట్టు. “ఆవిడ సెలవులో ఉన్నట్టే మేమందరం భావిస్తాం. ఆవిడ కూడా వంట చేస్తూ, తను సెలవులో ఉన్నట్టు భావించుకోవచ్చు. ఎవరొద్దన్నారు? అన్నట్టు రేపు నేనూ పట్నాయక్ గారూ మీ హాస్టలుకే వస్తున్నాం. తొలి లబ్ధిదారు సెలవును ఎలా అనుభవిస్తున్నారో ఫొటో తీయించి పైకి పంపాలి. భోజనం అక్కడే.”

నేను ఫోన్ పెట్టేసి మా అప్పకి అంతా చెప్పాను. పొంగిన కడుపు మీద కొబ్బరినూనె రాసుకుంటూ వింది. సాయంత్రం నన్ను పిలిచింది.

“ఒరే తమ్ముడూ. ఆ నాలుగు చేతుల సారు ఒక పెద్ద కోత బదులు నాలుగు సిన్న కన్నాలెట్టి పని కానిచ్చినాడు కదా?”

“అవును.”

“మరి నాకు పెద్ద గుండిగేటికి? వీధిలోకెల్లి పన్నెండు గిన్నెలు అడిగి అట్టుకురా.”

సోమవారం పదకొండున్నరకి జీపు వచ్చింది. పాత్రుడు గారూ పట్నాయక్ గారూ పొద్దున్న ఆరింటికి టీ తాగి బయల్దేరారట, దారిలో ఇంకో రెండు తనిఖీలు. హాస్టలుకి వచ్చిన అధికారి అక్కడి భోజనం రుచి చూసి రుచి రిజిస్టర్లో సంతకం పెట్టాలని నియమం. ఇద్దరూ రిజిస్టర్లన్నీ చూశాక, ఒంటిగంటన్నరకి హాల్లో పీటలు వేసి, ఇద్దరి ముందూ విస్తరాకులు పరిచాం. మా అప్ప వంటగదిలోంచి గరిటె పట్టుకుని వచ్చింది. వంగి, పట్నాయక్ గారి ఆకులో గరిటె బోర్లించింది. ఏమీ పడలేదు. పాత్రుడు గారి ఆకులో రెండుసార్లు బోర్లించింది.

“పప్పు ఎయ్యమంటారా బాబూ?”

“అన్నం పడలేదమ్మా,” అన్నారు పాత్రుడు గారు.

“పడ్డాది బాబూ. భావిత అన్నం.” మా అప్ప ఇంకో గరిటె బోర్లించింది. “నానిప్పుడు సెలవులో ఉన్నాను కదా. సెలవులో ఉన్న మనిషి వొండితే ఇలగే ఉంటాది. కొంచెం నెయ్యి భావించుకోండి.”

హాలు అవతలి సగంలో నూట ఎనభైమంది పిల్లలూ నిజం అన్నం తింటున్నారు. పన్నెండు గదుల పిల్లలు పన్నెండు గిన్నెల్లో ఎవరి గది అన్నం వాళ్లు వండుకున్నారు. ఇద్దరిద్దరు పెద్ద పిల్లలు గిన్నె దించారు, మా అప్ప పీట మీద కూర్చుని ఉప్పూ కారం చెప్పింది. ములక్కాడల పులుసు వాసన హాలంతా కమ్మేసింది. గుండిగ వెలిగించని పొయ్యి మీద బోర్లా పడుకుని ఉంది.

పాత్రుడు గారు పట్నాయక్ గారి కేసి చూశారు. ఇది అన్నం కాదంటే, అది కోత కాదనాలి. అది కోత కాదంటే, శనివారం కత్తిరించిన రిబ్బను ఏమవుతుంది? ఇద్దరూ కాసేపు ఖాళీ ఆకుల్లో వేళ్లు కదిపారు.

“నిజం అన్నం...” అన్నారు పట్నాయక్ గారు మెల్లిగా, “ఉన్నదా అమ్మా?”

“ఉన్నాది బాబూ. నిజం సెలవు మీద నిజం సంతకం పడితే, నిజం అన్నం ఉన్నాది. గుండిగెత్తడానికి మనిషిని కూడా ఎయ్యాల.”

“అంగుళం కోతైనా లేకుండా నేను ఎలా—” అని పాత్రుడు గారు మొదలుపెట్టారు. ఇంతలో మా అప్ప చిన్న గిన్నెల్లో అన్నం, పులుసు తెచ్చి, ఎదర పెట్టి, మూతలు తీసింది. ఆవిరి ఆయన కళ్లద్దాల మీద పట్టింది. ఆయన అద్దాలు తుడుచుకుని, సంచీలోంచి ముతక పుస్తకం తీసి, నియమం పధ్నాలుగు మళ్లీ చదివారు. ఇరవై ఏళ్ల సర్వీసులో మొదటిసారి జాగ్రత్తగా చదివారనుకుంటాను.

“ఇక్కడ ‘కోత’ అని ఉంది గాని,” అన్నారు, “పైన అని ఎక్కడా లేదండి.”

“లేదు కదా,” అన్నారు పట్నాయక్ గారు. “అంతర్గత కోత కూడా కోతయే. లోపల మాత్రం తప్పకుండా కోయబడినది.”

“ఎంత?”

“సుమారు నాలుగు అంగుళములు.”

గరిటెతో అన్నం తీసిన మా అప్ప, చెయ్యి వెనక్కి లాక్కుంది.

“ఏడు,” అన్నారు పట్నాయక్ గారు.

గరిటె అక్కడే ఉంది. పులుసు గిన్నె మీద మూత పడబోయింది.

“పదకొండు. పదకొండు అంగుళములు, నేను ధ్రువీకరించుచున్నాను.”

మనిషి లోపల అంత చోటుందా అని నేను అడగలేదు. పదకొండు నాలుగులు నలభై నాలుగు రోజులు. పాత్రుడు గారు ఆకు పక్కకి జరిపి ఉత్తర్వు రాశారు, రేపటినుంచి దినకూలీ మీద ఒక వంటమనిషీ ఒక సహాయకురాలూ అని కూడా రాశారు. పట్నాయక్ గారు పక్కన సంతకం పెట్టారు. నేను రెండుసార్లు చదివి, ‘భావిత’ అనే మాట ఎక్కడా లేదని చూసుకుని, మా అప్పకి తలూపాను.

అప్పుడు వడ్డించింది. గరిటెకి సగం.

“నిండా వెయ్యమ్మా,” అన్నారు పాత్రుడు గారు.

“నిండిందయితే లెక్కలోకి వొచ్చీద్ది బాబూ. తమరికెందుకు ఇబ్బంది.”

ఆయన ఒక్క క్షణం ఆలోచించి, అది నిజమేనన్నట్టు తల పంకించి, సగం గరిటెలే వెయ్యమన్నారు. తొమ్మిదిసార్లు వేయించుకున్నారు. చేతులు కడుక్కుని వచ్చి రుచి రిజిస్టరు తెరిచారు. ‘రుచి’ అన్న గడిలో ‘అమోఘము’ అని రాశారు. ‘తిన్న పరిమాణము, గరిటెలలో’ అన్న గడి దగ్గర కలం ఆపి, వేళ్ల మీద లెక్క చూసుకుని, గుండ్రంగా సున్నా చుట్టారు.